అక్క పేరు మీద తీసిన కార్డు

మా ఇంట్లో పంచుకోవడానికి ఉన్నవే తక్కువ. అందులో భయం మాత్రం మొత్తం నా వాటాకే వచ్చింది. ఉరిమితే మంచం కింద దూరేది నేను, వీధిలో కుక్క కనిపిస్తే అక్క వెనక నక్కేది నేను. ఆ భయం బయటపడకుండా నోరు పెంచుకున్నాను. "పిరికిదానివి గనకే అరుస్తావు" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. నిజమే. ఆ యేడు జనవరి ఒకటిన నేను చేసిన పని కూడా భయంతో చేసిందే. దాని గురించి ఎవరికి చెప్పినా ముక్కలు ముక్కలుగానే చెప్పాను. ఇక్కడ మొదటినుంచీ రాస్తున్నాను.

మాది జగ్గయ్యపేట. నాన్న నా ఏడో తరగతిలో పోయాడు. అమ్మ మిరప కోతలకూ పత్తి తీయడానికీ వెళ్ళి మా ఇద్దరినీ చదివించింది. నాకన్నా నాలుగేళ్ళు పెద్దదైన అక్క నర్సయింది, నేను టీచరునయ్యాను. పెళ్ళయ్యాక నందిగామ వచ్చేశాను గానీ ఉద్యోగం జగ్గయ్యపేటలోనే, ఒక ప్రైవేటు స్కూల్లో. రోజూ పొద్దున ఎనిమిది దాటాక బస్సెక్కితే ముప్పావు గంట ప్రయాణం. కొన్నాళ్ళకు అమ్మ కూడా మా దగ్గరికే వచ్చేసింది.

అక్క గురించి ఒక సంగతి చెప్పాలి. అప్పుడామె జగ్గయ్యపేటలోనే ఒక చిన్న ఆసుపత్రిలో చేసేది. ఒక క్రిస్మస్ పొద్దున ఏడింటికి ఆమె డ్యూటీ అయిపోవాలి. తర్వాత రావలసిన నర్సు రాలేదు. మేము చర్చికి వెళ్ళి వచ్చాం, అమ్మ బిర్యానీ వండింది, చుట్టాలు తిని వెళ్ళిపోయారు కూడా. అక్క సాయంత్రం నాలుగింటికి వచ్చింది. నేను పండగంతా పాడు చేశావని గయ్యిమన్నాను. ఆమె చల్లారిన బిర్యానీ కంచంలో పెట్టుకుని, "హ్యాండోవర్ ఇవ్వకుండా ఎట్టా వస్తానే" అంది. అంటే ఏ మంచం మీద ఎవరున్నారు, ఎవరికి ఏ మందు ఎప్పుడు వెయ్యాలి అన్నది తర్వాతి నర్సుకు అప్పజెప్పాలి. ఆమె సరేనన్నాకే వార్డు గుమ్మం దాటాలి. అప్పజెప్పడానికి మనిషి లేకపోతే నిలబడే ఉండాలి. అక్కకు అది ఆసుపత్రి పెట్టిన రూలు కాదు, దేవుడి ముందు ఒప్పుకున్న మాట. నాకు మాత్రం ఆ రోజు ఒట్టి మొండితనంలా కనిపించింది.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఒకటి రెండు సంబంధాలు వచ్చాయి. ఉద్యోగం మానేస్తుందా అని అడిగారు, మానదని అమ్మ చెప్పింది, వాళ్ళు మళ్ళీ రాలేదు. తర్వాత వేరే దేశం వెళ్ళింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో పని. ఆ దేశం పేరు రాయను. రాస్తే చదివేవాళ్ళు తప్పు ఎవరిది అని వాదులాడుకుని మా అక్కను వదిలేస్తారు.

ఇక జనవరి ఒకటి సంగతి. కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున ఆరాధన అయ్యాక మా చర్చిలో వాగ్దానాలు తీస్తారు. బల్ల మీద స్టీలు పళ్ళెంలో చిన్న చిన్న కార్డులు బోర్లించి పెడతారు. ఒక పక్క పువ్వుల బొమ్మ, రెండో పక్క ఒక వాక్యం. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఆ యేడంతా దేవుడు మనతో చెప్పే మాట అదే అని నమ్మకం. బీరువాకు అంటించుకునేవాళ్ళుంటారు, ఫోను కవరు వెనక పెట్టుకునేవాళ్ళుంటారు. ఊళ్ళో లేనివాళ్ళ పేరు మీద ఇంట్లోవాళ్ళు తీస్తారు. చెయ్యి పెట్టే ముందు ఎవరి పేరు తలుచుకుంటే ఆ కార్డు వాళ్ళది. నచ్చలేదని మళ్ళీ తియ్యకూడదు. చిన్నపిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు.

అమ్మకు మోకాళ్ళ నొప్పి. వెనక కుర్చీలో కూర్చుంది. అందుకని నేనే వెళ్ళాను. ముందు అక్క పేరు తలుచుకుని ఒకటి తీశాను, తర్వాత నా పేరు తలుచుకుని ఇంకొకటి. పక్కకు వచ్చి తిప్పి చూశాను. అక్క కార్డులో చివరి ఊపిరి దాకా నమ్మకంగా నిలబడమని ఉంది. అప్పటికే ఆ దేశంలో యుద్ధం వస్తుందని టీవీల్లో రోజూ చెబుతున్నారు. నా కార్డులో ఎక్కడికి వెళ్ళినా తోడుంటాననీ, ఏ కీడూ దగ్గరికి రానివ్వననీ ఉంది. నందిగామ నుంచి జగ్గయ్యపేటకు బస్సులో వెళ్ళొచ్చే నాకు ఆ మాట దేనికి?

బల్ల దగ్గర నుంచి అమ్మ కుర్చీ దాకా పది పదిహేను అడుగులుంటాయి. అంతలోనే మార్చేశాను. దేవుడు చూస్తున్నాడన్న ఆలోచన రాకపోలేదు. దేవుడితో తర్వాత చెప్పుకోవచ్చు, ముందు అక్క సంగతి చూడాలి అనుకున్నాను. "ఇది అక్కది, ఇది నాది" అని అమ్మ చేతిలో పెట్టాను. అక్కకు ఫోటో తీసి పంపాను. ఆమె దాన్ని కాగితం మీద రాసుకుని ఫోను కవరు వెనక పెట్టుకున్నానని జవాబిచ్చింది.

అమ్మ నా కార్డు పట్టుకుని చాలాసేపు చూసింది. "నీకేదో పెద్ద పరీక్ష ఉందే ఈ యేడు" అంది. ఆ వారం నుంచే నా కోసం శుక్రవారం ఉపవాసం మొదలుపెట్టింది. తను పస్తుండి నాకు క్యారేజీ కట్టి ఇచ్చేది. స్కూల్లో ఆ డబ్బా మూత తియ్యాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది. తినేదాన్ని మాత్రం. "అత్తయ్య ఎండిపోతోంది, నువ్వు నిండుతున్నావు" అని మా ఆయన ఏడిపించేవాడు.

మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో యుద్ధం మొదలైంది. అక్కడ పొద్దున ఆరైతే మనకు ఎనిమిదిన్నర. ఆసుపత్రి మెట్ల మీద ఒక్కచోటే సిగ్నలు అందేది. అక్క రోజూ ఆరింటికి డ్యూటీ మధ్యలో ఆ మెట్ల మీదికి వచ్చి ఫోన్ చేసేది. నేను అప్పుడు బస్సులో ఉండేదాన్ని. యుద్ధం గురించి నేను విన్నదంతా కోతలకు వెళ్ళే ఆడవాళ్ళ మధ్య, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో చెవికి ఫోను అదుముకుని విన్నదే. ఎనిమిదిన్నర అయ్యేసరికి ఫోను వంకే చూసేదాన్ని. ఒక నిమిషం ఆలస్యమైతే చంకల్లో చెమట.

అక్క గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉండేది. కరెంటు పోతోందనీ, జనరేటరు ఆగినప్పుడు పిల్లల ముక్కు మీద మాస్కు పెట్టి చేత్తో రబ్బరు సంచి నొక్కుతూ ఊపిరి అందిస్తున్నామనీ కూరగాయల ధర చెప్పినట్టు చెప్పేది. మన దేశం వాళ్ళను సరిహద్దు దాటించడానికి బస్సు వచ్చింది. అక్క ఎక్కలేదు.

"ఎందుకు ఎక్కలేదక్కా?"

"పిల్లలున్నారు గదే. నాకేం కాదులే. వాగ్దానం ఉందిగా."

పది రోజులకు రెండో బస్సు వచ్చింది. తోటి నర్సులు చాలామంది వెళ్ళిపోయారు. అక్క ఎక్కలేదు. "అందరూ వణికిపోతున్నారే. ఈ తల్లులయితే ఊరికే ఏడుస్తారు, చిరాకేస్తోంది. దేవుడు మాటిచ్చాక భయం దేనికి?" అంది.

చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర మా బస్సు ఆగి ఉంది. అది దేవుడు ఆమెకు ఇచ్చిన మాట కాదు, నేను ఇచ్చింది. దాన్ని పట్టుకుని ఆమె బాంబుల కింద నిలబడి ఉంది. చెప్పేస్తే బస్సెక్కుతుందేమో. లేక ఆ ధైర్యం కాస్తా పోయి, బస్సూ దొరక్క, భయంతో అక్కడే చచ్చిపోతుందేమో. చెప్పకపోతే మాత్రం ఆమె ప్రాణం నా అబద్ధం మీద నిలబడి ఉన్నట్టే. నేను ఎటూ తేల్చుకోలేకపోయాను. పిల్లలకు పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఆ వారంలో ముగ్గురిని అకారణంగా తిట్టాను.

ఒక సాయంత్రం స్కూలు వదిలాక జగ్గయ్యపేటలో మా పాత పాస్టరుగారింటికి వెళ్ళాను. అక్కకూ నాకూ బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. "అయ్యగారూ, ఎవరైనా ఒకళ్ళ వాగ్దానం ఇంకొకళ్ళకు ఇచ్చేశారనుకోండి, అప్పుడు అది ఎవరిదవుతుందండి?" అని అడిగాను, ఎవరి సంగతో అన్నట్టు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ అక్కది నువ్వు మార్చావా అమ్మా?"

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, అంత తొందరగా కనిపెట్టినందుకు.

"కార్డు ఎవరిదో దేవుడు చూసుకుంటాడు, ఆయనకేం ఇబ్బంది లేదు. అబద్ధం మాత్రం నీది. అది నువ్వే తియ్యాలి" అన్నాడాయన.

"తీస్తే భయపడుద్దండి."

"భయపడనియ్. భయపడకుండా ఉండమని ఆమెకు ఎవరు చెప్పారు? నువ్వేగా."

మర్నాడు బస్సులో ఫోను మోగింది. ఆమె హలో అనకముందే మొదలుపెట్టాను. లేకపోతే నోరు పెగలదని నాకు తెలుసు.

"అక్కా, ఆ కార్డు నీది కాదు."

"ఏ కార్డే?"

"వాగ్దానం. నీ పేరున తీసింది వేరే. నాకొచ్చింది నీకు పంపా."

"మరి నా దాంట్లో ఏముంది?" అంది.

చెప్పాను. బస్సు మోత. "వినపళ్ళేదే, గట్టిగా చెప్పు" అంది. మళ్ళీ చెప్పాను, అరిచి చెప్పాను. చివరి ఊపిరి దాకా అన్న మాట బస్సంతా వినపడింది. టిక్కెట్లు కొడుతున్న కండక్టరు నావైపు చూసి ఆగిపోయాడు. పక్కన కూర్చున్న కోతల ఆవిడ క్యారేజీ ఒళ్ళోకి లాక్కుని నాకు చోటిచ్చింది.

"ఎందుకు మార్చావే?"

"భయమేసిందక్కా."

"నీకు ఎయ్యనిదెప్పుడులే" అంది. చిన్నగా నవ్వింది కూడా. కానీ ఆ గొంతు మారిపోయింది. పుట్టినప్పటి నుంచీ విన్న గొంతు, నాకు తేడా తెలిసింది. "ఇయ్యాళ పదింటికి ఇంకో బస్సుందంట. అదే ఆఖరిదంటున్నారు."

"ఎక్కక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"చూస్తా" అని పెట్టేసింది.

నాకు పెద్ద బరువు దిగినట్టయింది. ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూములో నవ్వుతూ మాట్లాడాను కూడా. ఆఖరి పీరియడు అయ్యాక ఒక టీచరమ్మ తన ఫోనులో వార్త చూపించింది. సరిహద్దుకు వెళ్తున్న బస్సుల మీద దాడి జరిగింది. ఎంతమంది పోయారో తెలియదు, పేర్లు తెలియవు. అబద్ధం చెప్పి అక్కడ ఉంచాను, నిజం చెప్పి బస్సెక్కించాను. రెండూ నేనే చేశాను.

మా ఆయన సాయంత్రం నుంచీ హెల్ప్‌లైన్లకు ఫోన్లు చేస్తూనే ఉన్నాడు, ఎప్పుడు చేసినా బిజీ. అక్క ఫోను పలకలేదు. నందిగామలో మా వంటింట్లో అమ్మ గోంగూర ఆకు తుంచుతోంది. టీవీ ఆమె కూడా చూసింది. "కంగారు పడకే. దానికి వాగ్దానం ఉంది" అంది నాతో. ఆ మాట ఆమె నోట కూడా వినేసరికి ఇక దాచలేకపోయాను. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను.

అమ్మ చేతిలో కాడ అట్లాగే ఉండిపోయింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"అయితే ఇన్ని శుక్రవారాలు నేను పస్తులున్నది ఇంట్లో కూర్చుని తినేదానికోసమా?" అంది.

ఆమె పళ్ళెం పక్కకు నెట్టి లేచి తన గదిలోకి వెళ్ళింది. ఆ పూట నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. నాతో మాట్లాడలేదు. ఆమె కడుపు ఖాళీగా ఉండటం నాకు తెలుస్తూనే ఉంది, ఇంట్లో ఎక్కడ తిరిగినా తెలుస్తూనే ఉంది. బతిమాలే ధైర్యం కూడా లేకపోయింది. రెండు రోజులు గడిచాయి.

మూడో రోజు స్కూలుకు బయలుదేరాను. ఇంట్లో అమ్మ మౌనం భరించలేక బయలుదేరాను, అంతే. ఎనిమిదిన్నర దాటింది. తొమ్మిదవుతుండగా ఫోను మోగింది.

"నేనేనే" అంది అక్క.

నేను కమ్మీ పట్టుకుని ఉండబట్టి పడిపోలేదు. ముందు తిట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను, బస్సులో అందరూ వింటున్నారని తెలిసి కూడా. ఆమె తిట్టనిచ్చింది. తర్వాత చెప్పింది.

"రెండ్రోజులూ సిగ్నలు లేదు. బస్సెక్కానే. నీతో మాట్లాడి ఫోన్ పెట్టేసినాక చేతులొణికాయి. ఎప్పుడూ లేదు అట్టా. బ్యాగు తీసుకుని పోయి కూర్చున్నా. గేటు దాకా పోయింది బస్సు."

"మరి?"

"దిగిపోయా."

"ఎందుకు దిగావక్కా?"

"హ్యాండోవర్ ఇవ్వలా" అంది. "ఎవరికిద్దామన్నా మనిషి లేదే. ఒక్క నర్సుంది, ఈ ఊరిపిల్ల, మూడు రోజులు నిద్రలేదు దానికి. దానికేం చెప్పి పోను? గేటు కాడ డ్రైవరు కాయితాలు చూపిస్తా ఉంటే దిగేశా. వార్డుకొచ్చాక అప్పుడేడ్చా."

ఆమె ఏడ్చానని చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. నాన్న పోయినప్పుడు కూడా అమ్మకూ నాకూ జడలు వేసింది ఆమే. "అమ్మకు చెప్పకు ఇదంతా. బతికున్నానని చెప్పు, చాలు" అంది. అట్లాగే చెప్పాను. అమ్మ ఆ పూట అన్నం తింది.

ఆ రోజు నుంచి మా మాటలు మారిపోయాయి. అంతకుముందు ఆమె విషయాలు చెప్పేది, ఇప్పుడు భయాలు చెప్పడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున, నందిగామ దాటిన దగ్గర నుంచి చిల్లకల్లు దాకా. పిల్లల్ని పడుకోబెట్టే గాజుపెట్టెలు పగిలి వాళ్ళ మీద పడతాయేమోనని భయం. సన్నటి నరంలోకి సూది దించేటప్పుడు బాంబు పడి చెయ్యి అదురుతుందేమోనని భయం. మెట్లంటే భయం, మెట్ల మీద ఉన్నప్పుడు ఎటూ పరిగెత్తలేం కాబట్టి. అక్కడ చనిపోతే తన పేరు సరిగ్గా పలికేవాళ్ళు కూడా ఉండరని భయం. బస్సెక్కినందుకు దేవుడు కోప్పడ్డాడేమోనని ఒక రోజు అడిగింది. దిగినందుకు ఏమనుకున్నాడోనని నేనన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వడం ఆగాక ఇద్దరికీ మళ్ళీ భయమేసింది.

నేను ఓదార్చడానికి ప్రయత్నించాను మొదట్లో. ఆమె ఒప్పుకోలేదు. "ఏం కాదులే అనమాకే. ఆ మాట ఇన్నాళ్ళు నేను ఆ తల్లులకు చెప్పా. ఎంత ఒళ్ళు మండుద్దో ఇప్పుడు తెలుస్తోంది" అంది. వాళ్ళు ఏడుస్తుంటే తనకు చిరాకు వేసింది ఆ కార్డు ఉన్నన్నాళ్ళేనట. ఇప్పుడు వాళ్ళ పక్కన నేల మీద కూర్చుంటోంది. ఆపరేషనయి కదలలేని ఒక తల్లి రాత్రంతా ఆమె చెయ్యి వదలదట. "ఆమె భాష నాకు సగమే వచ్చు. నాకూ భయంగానే ఉందమ్మా అని మన తెలుగులోనే చెప్తున్నా. పడుకుంటోంది" అంది.

ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను. "దేవుడు కాపాడతాడని నమ్మకం ఉందా అక్కా ఇంకా?"

"నన్ను కాపాడతాడో లేదో తెలీదే. ఈ పిల్లల్ని చూసుకోమన్నాడని మాత్రం తెలుసు. అది తెలిసినాక తెలీదని ఎట్టా అనను?"

నాకు కోపం వచ్చింది. దేవుడి మీదే వచ్చింది. పనులన్నీ మా అక్కకే చెప్పాలా అనుకున్నాను. మిరప కోతలు అయిపోయి బస్సులో ఆడవాళ్ళు తగ్గారు. నాకు సీటు దొరికేది. కిటికీ పక్కన కూర్చుని వినేదాన్ని.

తర్వాత వేరే ఊరి ఆసుపత్రి నుంచి అంబులెన్సులు రావడం మొదలైంది. వచ్చినప్పుడు ఇద్దరు పిల్లల్ని, దొరికితే ముగ్గుర్ని పంపేవాళ్ళు. చివరికి ఇద్దరు మిగిలారు. "రేపు వాళ్ళు కూడా పోతే నేనూ పోతానే. హ్యాండోవర్ ఇచ్చేసి" అంది. ఆ రోజు ఆమె గొంతులో సంతోషం ఉంది. నాకు దానికి కూడా భయమేసింది.

మర్నాడు ఎనిమిదిన్నరకు ఫోను రాలేదు. తొమ్మిదికీ రాలేదు. పదకొండింటికి ఆరో తరగతిలో ఉండగా తెలియని నంబరు నుంచి వచ్చింది. ఆ ఊరిపిల్ల, అక్కతో మిగిలిన నర్సు. ఆమెకూ నాకూ వచ్చిన ఇంగ్లీషులో ఆమె చెప్పింది, నేను విన్నాను. అంబులెన్సు వచ్చింది. అక్క ఇద్దరు పిల్లల్నీ ఎక్కించింది, వచ్చిన నర్సుకు పాలు ఎప్పుడు పట్టాలో, మందు ఎంత వెయ్యాలో అన్నీ చెప్పి అప్పజెప్పింది. అంబులెన్సులో ఆమెకు కూడా చోటుంది. కదలలేని తల్లి ఇంకా పైనే ఉందని ఒక్క నిమిషం ఆగమంది. డ్రైవరు ఆగాడు. ఆమెను దింపుకుని మెట్ల మీద వస్తుండగా బాంబు పడి ఆసుపత్రి ఆ పక్కంతా కూలిపోయింది. ఇద్దరూ పోయారు. పిల్లలిద్దరూ బతికారు.

క్లాసులో పిల్లలు నావైపు చూస్తున్నారు. పుస్తకాలు మూసెయ్యండి అని చెప్పాను. అంతవరకు గుర్తుంది.

అక్కను అక్కడే పాతిపెట్టారు. మేము చూడలేదు. జగ్గయ్యపేటలో మా పాత చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. బల్ల మీద అక్క ఫోటో, యూనిఫాంలో ఉన్నది. చాలామంది వచ్చారు, నందిగామ నుంచి, పెనుగంచిప్రోలు నుంచి. పెద్దలు ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడారు. భయమంటే ఎరగని మనిషి అన్నారు. బాంబులు పడుతుంటే చిరునవ్వుతో నిలబడిందన్నారు. దేవుడి వాగ్దానం చేతిలో పట్టుకుని సింహంలా పనిచేసిందన్నారు. జనం తలలూపారు. మా పాస్టరుగారు మాత్రం తల వంచుకుని కూర్చున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళు చెబుతున్న మనిషిని నేను ఎరగను. మా అక్కను మళ్ళీ ఒకసారి చంపుతున్నట్టనిపించింది. కుటుంబం తరఫున సాక్ష్యం చెప్పమని మైకు నాకిచ్చారు. ఏం చెప్పినా ఈ ఊళ్ళో నేను మళ్ళీ తలెత్తుకోలేనని తెలుసు.

"వందనాలండి. మా అక్క చేతిలో ఉన్న వాగ్దానం ఆమెది కాదండి. నేను మార్చి పంపా. భయమేసి మార్చా" అన్నాను. చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. వెనక ఎవరో అయ్యో అన్నారు. ఆపితే మళ్ళీ చెప్పలేనని గబగబా చెప్పాను. "ఆ సంగతి ఆమెకు చెప్పేశానండి. చెప్పినాక ఆమె బస్సెక్కింది. ఎక్కి దిగింది. దిగిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే నాకు ఫోన్ చేసి భయమేస్తోందని చెప్పేది. మా అక్కకు చాలా భయమండి. సింహం కాదు. భయపడతానే వార్డుకి పోయేది. భయపడతానే ఆ తల్లిని తీసుకురావడానికి పైకెక్కింది. మెట్లంటే ఆమెకి అన్నిటికన్నా భయం."

ఒక పెద్దాయన లేచి, ఇక చాలన్నట్టు నా చేతిలోంచి మైకు తీసుకోబోయాడు. ముందు వరసలో కుర్చీలో కూర్చున్న అమ్మ చెయ్యి ఎత్తింది. గోంగూర తుంచిన ఆ సాయంత్రం తర్వాత అమ్మ నాతో అవసరానికి తప్ప మాట్లాడింది లేదు.

"మైకు దానికియ్యండి" అంది ఆయనతో. తర్వాత నావైపు తిరిగింది. "ఏం భయాలో చెప్పు. నాకు ఒక్కటి చెప్పలా అది. దేనికి భయపడిందో, ఏ రోజు ఏం చెప్పిందో అంతా చెప్పు. నేను వినాలి."

నేను మైకు తీసుకుని గాజుపెట్టెల దగ్గర నుంచి మొదలుపెట్టాను.